శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రజారోగ్యం, వైద్య సేవల అందుబాటు

ఆంధ్రప్రదేశ్ ఈశాన్య కొసన, ఒడిశాను ఆనుకుని ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రజారోగ్య చరిత్ర చాలావరకు దూరాన్ని జయించే ప్రయత్నాల చరిత్ర. కొండ మీది గూడేనికీ కింద ఉన్న ఆసుపత్రికీ మధ్య దారి లేదు. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం పల్లెకూ మూత్రపిండాల వైద్యుడికీ మధ్య 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం ఉండేది. రోగికీ ఆపరేషనుకూ మధ్య డబ్బు అడ్డం పడేది. ఈ దూరాల్లో ఏది తగ్గినా ప్రాణాలు నిలిచాయి. తగ్గనిచోట, మందు ఉన్న జబ్బులకు కూడా మనుషులు బలయ్యారు. ఈ వ్యాసం ఉమ్మడి జిల్లాల పరిధిలోని ప్రధాన ఆరోగ్య సమస్యలను, వైద్య వ్యవస్థ ఎదిగిన తీరును, ఇంకా మిగిలిన పనిని వివరిస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఈ రెండు జిల్లాల గిరిజన ప్రాంతాలతో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా కూడా ఇందులో భాగమే.

ప్రాంతం, ప్రజలు

శ్రీకాకుళం జిల్లా 1950లోనూ, విజయనగరం జిల్లా 1979లోనూ ఏర్పడ్డాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి శ్రీకాకుళంలో 27 లక్షల మంది, ఉమ్మడి విజయనగరంలో 23 లక్షల మందికి పైగా ఉన్నారు. అక్షరాస్యత శ్రీకాకుళంలో 61.74 శాతం, విజయనగరంలో 58.89 శాతం. రెండు జిల్లాల్లోనూ పురుషుల కంటే స్త్రీల సంఖ్య ఎక్కువ.

తూర్పున సముద్రం, పడమట తూర్పు కనుమలు, మధ్యలో వంశధార, నాగావళి, చంపావతి పారే మైదానం. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది. తీరంలో మత్స్యకారులు, మైదానంలో చిన్న రైతులు, రైతు కూలీలు, కొండల్లో సవర, జాతాపు, కొండదొర, గదబ గిరిజనులు నివసిస్తారు. పనుల్లేని రోజుల్లో హైదరాబాదు, విజయవాడ, చెన్నైల్లో భవన నిర్మాణానికి, గుజరాత్‌లోని వెరావల్ దగ్గర చేపల వేటకు వలస వెళ్లే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇక్కడ జబ్బుల తీరును నిర్ణయించేవి ఈ మూడు భూభాగాలూ, ఈ వలసా.

వైద్య వ్యవస్థ ఎదిగిన తీరు

ఉత్తరాంధ్రలో తరతరాలుగా పెద్దాసుపత్రి అంటే విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రే. కె.జి.హెచ్.గా అందరికీ తెలిసిన ఆ ఆసుపత్రి, దానికి అనుబంధమైన ఆంధ్ర వైద్య కళాశాల 1923లో మొదలయ్యాయి. ఇచ్ఛాపురంలో కడుపునొప్పి ముదిరినా, సాలూరులో కాన్పు కష్టమైనా చివరికి చేరేది అక్కడికే. ఒక మనిషికి జబ్బు చేస్తే తోడుగా మరొకరు పని మానుకుని వెళ్లాలి. వరండాలో పడుకోవాలి. చేతిలో డబ్బు అయిపోయేసరికి వైద్యం సగంలో ఉన్నా ఊరికి తిరిగి వచ్చేయాలి.

దూరం ఎంత ముఖ్యమో దేశ స్థాయిలో ముందే గుర్తించారు. 1946లో భోర్ కమిటీ, డబ్బు చెల్లించలేరన్న కారణంతో ఎవరికీ వైద్యం నిరాకరించరాదని సూచించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వ్యవస్థకు రూపం ఇచ్చింది. 1978లో ఆల్మా అటాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రాథమిక వైద్యాన్నే అందరికీ ఆరోగ్యానికి మార్గంగా ప్రకటించింది. భారతదేశంలో మైదానంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, మైదానంలో 5,000, కొండల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది ప్రమాణం. అయితే జనం తలలు లెక్కపెట్టే ప్రమాణానికి కొండ దారి తెలియదు. పది ఇళ్లున్న గూడెం మరో పది ఇళ్లున్న గూడేనికి రెండు గెడ్డలు (వాగులు) దాటి ఉంటే, 3,000 మందికి ఒక ఉపకేంద్రం అన్న లెక్క కాగితం మీద సరిపోయినా అక్కడి గర్భిణికి సరిపోదు.

వైద్య కళాశాలలు ఈ ప్రాంతానికి ఆలస్యంగా వచ్చాయి. విజయనగరం దగ్గర నెల్లిమర్లలో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ, మిమ్స్, ప్రైవేటు రంగంలో 2002లో మొదలైంది. శ్రీకాకుళంలో రిమ్స్ పేరుతో ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో వచ్చింది. శ్రీకాకుళం శివారు రాగోలులో జెమ్స్ అనే ప్రైవేటు వైద్య కళాశాల ఉంది. విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరు 15న ప్రారంభమైంది. వైద్య కళాశాల వస్తే వచ్చేవి సీట్లు మాత్రమే కావు. మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తనిధి, రాత్రిపూట ఆపరేషను చేయగల బృందం జిల్లాలోనే దొరుకుతాయి.

కబురు పెడితే కదిలే వైద్యమూ ఈ కాలంలోనే వచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ రాష్ట్రమంతా విస్తరించింది. ఊళ్లకు తిరిగే 104 వాహనాలు బీపీ, షుగరు మందులను గుమ్మం దగ్గరికి తెచ్చాయి. 2005లోనే వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా ఊరి మనిషే ఆశా కార్యకర్త అయింది. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రవ్యాప్తంగా మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు నిర్ణీత రోజున ఊరి క్లినిక్‌కు వచ్చి, మంచం దిగలేనివారిని ఇంటి దగ్గరే చూడాలని నిర్దేశించారు.

ఖర్చు భారం

శ్రీకాకుళానికి ఆంధ్రప్రదేశ్ ప్రజారోగ్య చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. పేదలకు పెద్ద జబ్బుల వైద్య ఖర్చును ప్రభుత్వం భరించే ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు, ఎంపికైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మిగతా రెండు అనంతపురం, మహబూబ్‌నగర్. మూడూ కరువుకూ వలసకూ పేరుపడినవే. తెల్లరేషను కార్డు చూపించి గుండె ఆపరేషనుకు ప్రైవేటు ఆసుపత్రిలో చేరవచ్చన్నది అప్పటికి ఊహకందని సంగతి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అంటూ మారినా, మూల రూపం నిలబడింది. 2023 డిసెంబరులో ఖర్చు పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు.

ఈ పథకం ఎన్నో కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికి రక్ష. పరీక్షలకు, నెలనెలా మందులకు, బస్సు చార్జీలకు, పోయిన కూలికి అది చాలావరకు వర్తించదు. దీర్ఘకాలిక జబ్బుల్లో ఇంటిని కుంగదీసేవి ఈ చిల్లర ఖర్చులే. అందుకే ఊళ్లో మొదట తలుపు తట్టేది వైద్య పట్టా లేని ఆర్‌ఎంపీ డాక్టరునే. ఆయన రాత్రీ పగలూ అందుబాటులో ఉంటాడు, అప్పు పెడతాడు. ప్రభుత్వ వైద్యం అంత దగ్గరగా, అంత నమ్మకంగా ఉన్ననాడే జనం దాన్ని మొదటి మెట్టుగా ఎంచుకుంటారు.

మన్యం: డోలీ, గెడ్డ, వసతి గృహం

సీతంపేట, పార్వతీపురం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏ) పరిధిలోని గిరిశిఖర గ్రామాల్లో వైద్యం అందకపోవడానికి గుర్తు డోలీ. గట్టి వెదురు గడకు దుప్పటినో చీరనో రెండు కొసల దగ్గర ముడివేస్తారు. ఆ ఉయ్యాలలో రోగిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుంటారు. భుజం మార్చుకోవడానికి మరో ఇద్దరు పక్కన నడుస్తారు. రాళ్ల బాటలో దిగేటప్పుడు గడ ఊగకుండా ముందున్నవాడు మోకాళ్లు వంచి నడవాలి. గెడ్డ పొంగి ఉంటే నీళ్లు తగ్గేదాకా గట్టునే ఆగాలి. నొప్పులు పడుతున్న స్త్రీ అంతసేపూ ఆ గుడ్డలో ముడుచుకుని ఉంటుంది. 108 వాహనం తారురోడ్డు ఉన్నంతవరకే రాగలదు. ఆ తర్వాత డోలీ తప్ప మరో దారి లేని గ్రామాలు సాలూరు, పాచిపెంట, మక్కువ, కొమరాడ, గుమ్మలక్ష్మీపురం కొండల్లో ఉంటూ వచ్చాయి.

ప్రసూతి మరణాలకు మూడు జాప్యాలు కారణమని ప్రజారోగ్య శాస్త్రం చెబుతుంది. ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో జాప్యం, చేరడంలో జాప్యం, చేరాక చికిత్స అందడంలో జాప్యం. మన్యంలో మూడూ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. రెండో జాప్యాన్ని తొలగించడానికి ఈ నేల మీద ఒక మంచి ఆలోచన ఆచరణలోకి వచ్చింది. కాన్పు సమయంలో ఆసుపత్రికి పరుగెత్తే బదులు, కాన్పుకు ముందే గర్భిణి ఆసుపత్రికి దగ్గరగా వచ్చి ఉంటే చాలు కదా అన్నదే ఆ ఆలోచన. 2018లో పార్వతీపురం ఐటీడీఏ సాలూరులోని యువజన శిక్షణ కేంద్రం భవనంలో గిరిశిఖర గర్భిణుల వసతి గృహాన్ని తెరిచింది. నెలలు నిండుతున్న స్త్రీలు అక్కడ ఉంటారు. పోషకాహారం, రక్త పరీక్షలు, నర్సుల పర్యవేక్షణ ఉంటాయి. నొప్పులు మొదలైతే ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. తర్వాత గుమ్మలక్ష్మీపురంలోనూ ఇలాంటి వసతి వచ్చింది. రోడ్డు పడేదాకా ఆగకుండా, ఉన్న పరిస్థితిలోనే ప్రాణం కాపాడే మార్గం ఇది. ఇరుకు బాటల కోసం 2018లోనే ఫీడర్ అంబులెన్సులు కూడా గిరిజన ప్రాంతాల్లో తిరగడం మొదలుపెట్టాయి. ఇవి మోటారు సైకిలుకు పక్కన పడక అమర్చిన వాహనాలు.

మలేరియా మన్యానికి పాత శత్రువు. ఇళ్ల గోడలకు మందు పిచికారీ, మందు పూసిన దోమతెరలు, ఆశా కార్యకర్త దగ్గరే వేలి రక్తంతో చేసే పరీక్ష దాన్ని అదుపులో పెట్టే మూడు ఆయుధాలు. రక్తహీనత, గిరిజనుల్లో వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ వ్యాధి గర్భిణుల ముప్పును పెంచుతాయి. 2047 నాటికి సికిల్ సెల్ నిర్మూలన లక్ష్యంగా జాతీయ మిషన్ 2023 జూలైలో మొదలైంది. తిండి విషయంలో మన్యానికి సొంత బలం ఉంది. చోళ్లు, సామలు, కొర్రలు కొండవాలుల్లో పండేవే. చోడి అంబలి తాగి పెరిగిన తరం స్థానంలో చౌక బియ్యం మీదే ఆధారపడిన తరం వస్తున్నచోట, అంగన్‌వాడీ వంటల్లోకి చిరుధాన్యాలను తిరిగి తేవడం వైద్యంతో సమానమైన పని.

ఉద్దానం: కారణం తెలియని మూత్రపిండాల వ్యాధి

ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని చెబుతారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా కనిపించే ఈ తీరం దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి వల్ల ప్రపంచం దృష్టికి వచ్చింది. 2000ల తొలినాళ్ల నుంచి వైద్యులు, ముఖ్యంగా విశాఖపట్నానికి చెందిన నెఫ్రాలజిస్టు డాక్టర్ టి. రవిరాజు, ఈ ప్రాంతం నుంచి లెక్కకు మించి రోగులు రావడాన్ని గమనించి అధ్యయనం చేశారు. 2019లో ఆయన బృందం ప్రచురించిన సర్వే ప్రకారం, పరీక్షించినవారిలో సుమారు 18 శాతం మందికి ఈ వ్యాధి ఉంది. వారిలో అత్యధికులకు షుగరు, అధిక రక్తపోటు వంటి మామూలు కారణాలేవీ కనిపించలేదు.

శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో కూడా ఇలాంటి వ్యాధే కనిపించింది. అక్కడా ఇక్కడా బాధితులు ఎండలో ఒళ్లు వంచి పనిచేసే పేదలే. ఎండదెబ్బ, ఒంట్లో నీరు ఇంకిపోవడం, తాగునీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, నొప్పి బిళ్లల అతి వాడకం, జన్యు స్వభావం వంటివాటిని పరిశోధకులు అనుమానిస్తున్నారు. ఏ ఒక్కదాన్నీ దోషిగా నిర్ధారించలేదు.

ఈ వ్యాధి చప్పుడు లేకుండా వస్తుంది. కాళ్లు వాయవు, మూత్రంలో మాంసకృత్తులు పెద్దగా పోవు. నీరసం, ఆకలి మందగించడం వంటి లక్షణాలు కనిపించేసరికి మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. అందుకే ఉద్దానంలో క్రియాటినిన్ అన్న రక్తపరీక్ష మాట చదువురానివారి నోట కూడా వినిపిస్తుంది. ఎవరికెంత అన్నది ఊరంతటికీ తెలిసిన సంఖ్య.

వ్యాధి ముదిరితే డయాలసిస్. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు. చేతి రక్తనాళాలను కలిపి ఫిస్టులా చేసినచోట రెండు సూదులు గుచ్చి, రక్తాన్ని యంత్రంలోకి పంపి శుభ్రంచేసి తిరిగి ఎక్కిస్తారు. తాగే నీళ్లకు కొలత ఉంటుంది. కొబ్బరిచెట్ల నీడనే ఇల్లున్నా కొబ్బరినీళ్లు తాగకూడదు, వాటిలోని పొటాషియం గుండెకు ప్రమాదం. విశాఖపట్నంలోనే డయాలసిస్ దొరికిన రోజుల్లో ఒక్క ప్రయాణంతో రెండు రోజులు పోయేవి. డబ్బు చాలక కొందరు మధ్యలోనే మానేసేవారు. సోంపేట, పలాస, టెక్కలి వంటిచోట్ల ప్రభుత్వ డయాలసిస్ కేంద్రాలు వచ్చాక ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావడం సాధ్యమైంది. యంత్రం అదే, చికిత్స అదే. మారిందల్లా దూరం. బతికే రోజుల సంఖ్యను ఆ మార్పే పెంచింది.

ప్రజల ఆందోళన, పత్రికల కథనాలు, రాజకీయ ఒత్తిడి కలిసి ప్రభుత్వాలను కదిలించాయి. 2017 జనవరిలో జనసేన పార్టీ అధినేత పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురంలో బాధితులను కలవడంతో విషయం రాష్ట్రమంతా చర్చకు వచ్చింది. ఆ ఏడాది శుద్ధినీటి కేంద్రాలు ఏర్పాటయ్యాయి. డయాలసిస్ రోగులకు మొదలైన పింఛను 2019లో నెలకు 10,000 రూపాయలైంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజున హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా 807 గ్రామాలకు వంశధార నీటిని అందించే 700 కోట్ల రూపాయల పథకమూ మొదలైంది. వేర్వేరు ప్రభుత్వాలు వేసిన ఈ అడుగులు ఒకదానికొకటి కొనసాగింపుగా నిలవడం ఉద్దానానికి మేలు చేసింది.

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కరెంటు లేక రోజుల తరబడి ఊళ్లు చీకట్లో ఉన్నాయి. వైద్యం యంత్రం మీద ఆధారపడినచోట, జనరేటరూ నిల్వ నీరూ కూడా మందులంత అవసరమని ఆ విపత్తు నేర్పింది.

అడ్డపొగ

చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడాన్ని అడ్డపొగ అంటారు. ఇది ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా స్త్రీలలో, తల్లి నుంచి కూతురికి వచ్చిన అలవాటు. నిప్పు సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. అంగిలి తెల్లబారి, మచ్చలు పడి, పుండుగా మారి, కొందరిలో క్యాన్సరు అవుతుంది. అంగిలి క్యాన్సరు ఇక్కడ అసాధారణంగా ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణం.

ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫలీ మెహతా, డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ పిండ్‌బోర్గ్‌ల బృందం 1960లలో శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లను పరీక్షించింది. వారిలో ప్రతి పదిమందిలో నలుగురి కంటే ఎక్కువమందికి అడ్డపొగ అలవాటు ఉంది. 1971లో వెలువడిన ఆ అధ్యయనం నోటి క్యాన్సర్ శాస్త్రంలో ఇప్పటికీ ప్రామాణికం. తర్వాతి కాలంలో ఊరూరా తిరిగి చెప్పి అలవాటు మాన్పించే ప్రయత్నం జరిగినప్పుడు, మానినవారిలో అంగిలి మచ్చలు తగ్గుముఖం పట్టాయని తేలింది. నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూసే ఒక నర్సు, ఒక దంతవైద్యుడు ఊరికి వస్తే చాలు, ఈ క్యాన్సరును తొలిదశలోనే పట్టుకోవచ్చు.

తగ్గిన జబ్బులు, తిరగబెట్టే జబ్బులు

ఒకప్పుడు ఈ జిల్లాల్లో కుష్ఠు ఎక్కువ. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి తరతరాల రోగులకు ఆశ్రయమిచ్చింది. డాప్సోన్ ఒక్కటే మందుగా ఏళ్ల తరబడి సాగిన వైద్యం స్థానంలో, 1980లలో రిఫాంపిసిన్, క్లోఫజిమిన్ కలిసిన బహుళ ఔషధ చికిత్స వచ్చింది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మచ్చలు చూసి, మందులు ఉచితంగా చేతికిచ్చారు. వెలివేత భయం తగ్గడంతో రోగులు బయటికి వచ్చారు.

తీరంలోని బోదకాలు వ్యాధికి వాడే డీఈసీ మాత్ర వెనక ఒక తెలుగువాడి కృషి ఉంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో 1940లలో రూపొందిన మందు అది. ఏటా సామూహికంగా ఆ మాత్రలు మింగించే కార్యక్రమాలు ఈ జిల్లాల్లో వ్యాధి వ్యాప్తిని అడ్డుకున్నాయి. క్షయ మాత్రం వలసతో ముడిపడి ఉంది. ఆరు నెలల మందులు సగంలో ఆపి పనికోసం ఊరు విడిచిన మనిషిని చెన్నైలోనో వెరావల్‌లోనో వెతికి మళ్లీ మందులు అందించడం ఆరోగ్య కార్యకర్తలకు నేటికీ కఠినమైన పని.

నీటి సంగతి మరవరాదు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి పలువురు చనిపోయారు. కలుషితమైన తాగునీటి మీదే అందరి దృష్టీ పడింది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టుతో, సకాలంలో పెట్టిన సెలైనుతో ఆగే జబ్బుకు మనుషులను పోగొట్టుకోవడం బాధాకరం. నీటి ట్యాంకు కడగడం, క్లోరిన్ కలపడం, పైపు పగిలిన రోజే సరిచేయడం పంచాయతీ పనులుగా కనిపించే ప్రాణరక్షణ పనులు.

మిగిలిన పని

భవనాలు, వాహనాలు, పథకాలు రెండు దశాబ్దాల్లో చాలా వచ్చాయి. ఇప్పుడు వాటిలో మనుషులు నిలవాలి. మన్యం ఆసుపత్రుల్లో స్త్రీల వైద్యులు, మత్తు వైద్యులు ఎక్కువకాలం ఉండేలా క్వార్టర్లు, పిల్లల చదువు, పదోన్నతుల్లో ప్రాధాన్యం కల్పించాలి. సవర, జాతాపు యువతులను నర్సులుగా, ఏఎన్ఎంలుగా తీర్చిదిద్దితే, రోగి తన భాషలో తన నొప్పి చెప్పుకోగలుగుతుంది. ఉద్దానంలో ప్రతి పెద్ద వయసువారికీ ఏటా క్రియాటినిన్ పరీక్ష, తోటల్లో పనిచేసేవారికి నీడా నీళ్లూ, మందుల దుకాణాల్లో నొప్పి బిళ్లల అమ్మకంపై అదుపు కావాలి. పైపు నీరు కొళాయిలోంచి రోజూ రావాలి. వలస వెళ్లే కుటుంబం వెంట దాని వైద్య వివరాలూ వెళ్లాలి.

ఐక్యరాజ్యసమితి 2030 నాటికి ప్రతి మనిషికీ అప్పులపాలు కాకుండా వైద్యం అందాలని లక్ష్యం పెట్టుకుంది. ఈ జిల్లాల్లో ఆ లక్ష్యం నెరవేరిందో లేదో తెలుసుకోవడానికి రాజధానిలో లెక్కలు చూడనక్కరలేదు. వానాకాలం నడిమధ్యన, గెడ్డ పొంగిన రాత్రి, గిరిశిఖరాన నొప్పులు పడే స్త్రీ ఎక్కడ ఉందో చూస్తే చాలు. ఆమె అప్పటికే కింద వసతి గృహంలో నర్సు పక్కన ఉండాలి. డోలీ గడ కోసం ఆ ఇంట్లో ఎవరూ వెతకాల్సిన పని ఉండకూడదు.